రాజపూజ్యం, అవమానం

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ ఆదాయ వ్యయాలు చెప్పిన తరువాత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని మరి రెండు అంకెలు చెబుతారు. ఆదాయం దగ్గర చెవులు రిక్కించి వినే మా యింటివారు అవమానం వంతు వచ్చేసరికి మెల్లగా ఉగాది పచ్చడివైపు దృష్టి మరలుస్తారు. 2025 మార్చి 30వ తేదీన విశ్వావసు నామ సంవత్సరం ఆరంభమయిననాడు నా రాశికి ఆ అంకె ఎంత పడినదో నాకూ గుర్తు లేదు. ఏడాది గడచిన పిమ్మట వెనుదిరిగి చూసుకొంటే, నాకు పనికివచ్చినదంతా ఆ పద్దు క్రిందనే జమపడినట్లున్నది.

మా కాపురం ఉక్కునగరంలో. నా భర్త ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేస్తారు. అక్కడి పెద్ద కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. వాటిలో మొదటిదయిన గోదావరిని 1990లో వెలిగించినారు. నేను రోజూ కూర్మన్నపాలెం, గాజువాకల మీదుగా బస్సులో పట్నం వెళ్లి రేడియోలో మాట్లాడి వస్తాను. ఇరవై యేండ్లుగా ఇదే పని. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం. ఏ. చదివినదానను. శ, ష, సలు మూడింటినీ వేరువేరుగా పలుకగలనని నాకు కొంత గర్వం ఉండేది. కొంత అనటం కూడ తక్కువే.

ఆ గర్వానికి జూన్ నెలలో మొదటి దెబ్బ తగిలినది. గొంతు బొంగురుపోయినది, మిరియాల కషాయానికి లొంగలేదు. వైద్యుడు పరీక్షించి, చేతికి కాయలు కాచినట్లే స్వరతంతువులమీద కూడ కాయలు కాస్తాయనీ, ఉపాధ్యాయులకూ, పాటగాండ్రకూ, సంతలో కేకలు వేసి సరుకు అమ్మేవారికీ ఇది వచ్చేదేననీ చెప్పి, ఆరు వారాలు నోరు మెదపవద్దన్నాడు. గుసగుసలు కూడ పనికిరావట. గుసగుస గొంతుకు విశ్రాంతి అనుకొంటాము. నిజానికి అదికూడ శ్రమేనట!

ఆ ఆరు వారాలూ మా అమ్మాయి పలక నా చేతిలో ఉండేది. పలకమీద ఎంతని వ్రాస్తాము? క్రమంగా ఇంట్లో మాట్లాడే వంతు నా భర్తకు వచ్చినది. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, కాఫీ త్రాగుతూ, ఆయన కొలిమి సంగతులు చెప్పటం మొదలుపెట్టినారు. వేడిగాలిని లోపలికి కొట్టే గొట్టాల చివర చిన్న గాజు కన్ను ఉంటుందట. నీలి అద్దం అడ్డు పెట్టుకొని అందులోనుంచి నిప్పును చూస్తారట. కొలతలు చెప్పే యంత్రాలు ఎన్ని ఉన్నా, ఒక్కమారు ఆ కంటిలోనుంచి చూడనిదే ఆయన మనస్సు కుదుటపడదట. పెండ్లయి పద్ధెనిమిదేండ్లయినది. ఈ మాట నేను ఎన్నడూ వినలేదు. ఆయన చెప్పలేదని కాదు, నేను అడుగలేదు.

పగలు వంటింట్లో రేడియో వినేదానను. ఇరవై యేండ్లు రేడియోకు లోపలివైపున ఉన్నదానను, మొదటిసారి వెలుపలివైపున నిలబడినాను. తిరగమోత చిటపటల మధ్య ఏ మాట చెవిలో నిలుస్తున్నదో, ఏది జారిపోతున్నదో అప్పుడు తెలిసినది. "పశ్చిమ వాయవ్య దిశగా పయనించి" అన్నది ఒక్కనాడూ నిలువలేదు. చదివేవారి లోపమేమీ లేదు. నేను చదివినా అంతే అయి ఉండును. జారిపోయిన మాటలన్నీ ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొంటూ వచ్చినాను.

ఆగస్టులో గొంతు వచ్చినది. మునుపటికన్న కొంచెం మంద్రంగా వచ్చినది. మా క్వార్టర్లకు అప్పికొండ వైపు నుంచి చేపలు తెచ్చి అమ్మే ఒక మత్స్యకార స్త్రీ ఉన్నది. నేను "అప్పా" అని పిలుస్తాను. ఒకనాడు బేరమాడుతుండగా ఆమె చేయి ఆపి, నా ముఖం చూసి, "రేడియోలో సదివేది నువ్వేనేటమ్మా? గొంతు గుడిగంటలాగుంటాది" అన్నది. రాజపూజ్యం అంటే అదే కాబోలు. నేను పొంగిపోయి బేరం మానుకొన్నాను. ఆమె మాత్రం మాట ఆపలేదు.

"మూడో లంబరు ఎగరేసినారు, తొమ్మిదో లంబరు ఎగరేసినారు అని సెప్తావు గానమ్మా, తొమ్మిదంటే ఏటో సెప్పవేటి? మా ఇంటాయన పడవ ఇసకమీద ఉంచాలా, పైకి లాగీయాలా?"

నాకు తెలియదు. ఇరవై యేండ్లు చదివినాను, తెలియదు. పెద్ద అంకె అయితే పెద్ద గాలి అని ఒక ఊహ, అంతే. ఆమె బుట్ట నెత్తిన పెట్టుకొని వెళ్లిపోయిన తరువాత చాలసేపు గుమ్మంలోనే నిలబడినాను.

తెలుసుకొన్న సంగతి చెబుతాను. ఈ అంకెలు ఓడలవారికోసం ఏర్పడినవి. రేవులో పగలు శంకువులు, స్తూపాల ఆకారాలు కట్టి, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు పెట్టి తెలియజేస్తారు. ఒకటి, రెండు అంకెలు దూరపు సముద్రం మాట. మూడు, నాలుగు వస్తే రేవుకే గాలి దెబ్బ తగులవచ్చునని అర్థం. అయిదు మొదలు ఏడు వరకు ప్రమాదం, ఎనిమిది మొదలు పది వరకు మహాప్రమాదం. అసలు కిటుకు ఇక్కడ ఉన్నది. ఎనిమిది, తొమ్మిది, పది అంకెలలో గాలి బలం మెట్లు మెట్లుగా పెరగదు. మూడూ తీవ్రమైన తుపానుకే. తుపాను తీరం దాటేటప్పుడు రేవు దానికి ఎడమవైపు పడితే ఎనిమిది, కుడివైపు పడితే తొమ్మిది, రేవుమీదుగానో అతి సమీపానో దాటితే పది. మన తీరాన కుడివైపు అంటే సాధారణంగా ఉత్తరపు వైపు. ఆ వైపున గాలి సముద్రాన్ని ఒడ్డుమీదికి తోస్తుంది. కనుక ఆ అప్ప అడిగినదానికి సమాధానం: తొమ్మిది అంటే పడవను బాగా పైకి లాగవలసినదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదనే తీరం దాటినప్పుడు ఈ మాట తెలిసిన గొంతులు ఎన్ని ఉన్నవో! ఆనాటి నా గొంతు వాటిలో లేదు.

దీనిని ప్రసారంలో చెప్పాలని పూనుకొంటే, అధికార ప్రకటనలో అక్షరం మార్చరాదని పెద్దలు అన్నారు. అది న్యాయమే, తొందరలో పొరపాటు దొర్లితే ప్రాణాలతో పని. చివరకు ప్రకటనను ఉన్నదున్నట్లు చదివి, దాని వెంట రెండు వాక్యాలలో అర్థం చెప్పటానికి ఒప్పందం కుదిరినది. ఆ రెండు వాక్యాలకోసం నేను పడిన పాట్లు ఎం. ఏ. పరీక్షకు కూడ పడలేదు. 1938లో మద్రాసు రేడియో కేంద్రం ప్రారంభమయిన రోజులలో గిడుగు రామమూర్తి పంతులుగారు సజీవమైన తెలుగును గురించి ప్రసంగించినారని విద్యార్థిదశలో చదివి, పరీక్షలో వ్రాసి, మంచి మార్కులు తెచ్చుకొన్నాను. ఆయన మన ఉత్తరాంధ్రంవారే. మార్కులతోనే ఆ ఋణం తీరినదనుకొన్నాను. ఇప్పుడీ ప్రసంగం ఏ భాషలో చదువుతున్నానో విని మీలో కొందరు నవ్వుకొంటూ ఉండవచ్చును. నవ్వండి, ఇరవై యేండ్ల అలవాటు.

అక్టోబరులో మొంథా తుపాను వచ్చినది. థాయిలాండువారు పెట్టిన ఆ పేరుకు సువాసనగల పువ్వు అని అర్థమట. 28వ తేదీ రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటినది. విశాఖలో వాన కుండపోతగా కురిసినది. నేను ప్రకటన చదివి, వెంటనే ఆ రెండు వాక్యాలు చదివినాను. "పడవలు పైకి లాగండి" అన్నప్పుడు గొంతు కొంచెం వణికినది. సరిచేసుకొనలేదు.

వారం గడచిన తరువాత అప్ప వచ్చినది. ఆతురతతో అడిగినాను.

"ఇనలేదమ్మా. రేడియోలో బేటరీలు అయిపోనాయి" అన్నది. పడవ మాత్రం క్షేమమే. ఊళ్లో కుర్రవాళ్లు ఫోనులో చూసి చెబితే ముందే లాగివేసినారట.

ఇంట్లో ఉన్న కొత్త బ్యాటరీలు రెండు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, నేను నేర్చుకొన్న పాఠమంతా అక్కడే గుమ్మంలో అప్పగించినాను. ఆమె వ్రేళ్లు మడుస్తూ పదిదాకా శ్రద్ధగా విన్నది. పదకొండు కూడ ఉన్నదన్నాను. వాతావరణ కేంద్రంతో సంబంధాలు పూర్తిగా తెగిపోయినవనీ, పరిస్థితి ప్రమాదకరంగా ఉన్నదనీ తెలిపే అంకె అది.

"అంటే ఆ పొద్దు మీకూ ఏటీ తెలీదన్నమాట" అన్నది.

అవునన్నాను.

"అయితే ఆ పొద్దుకి మా ఇంటాయన సూసుకుంటాడులే" అని, బుట్ట ఎత్తమని సైగ చేసినది. చేయి వేసి నెత్తికి ఎత్తినాను.