బనగానపల్లె నవాబుల వారసత్వము

బనగానపల్లె యనగానే మనకు మామిడిపండు జ్ఞప్తికి వచ్చును. నేడు నంద్యాల జిల్లాలో చేరిన యా మెట్టసీమ 1948 వరకు నొక చిన్న సంస్థానము. ఆ గద్దె యొకరినుండి యొకరికి సంక్రమించిన విధము విచారింపదగినది.

పదునేడవ శతాబ్దమున బిజాపురపు సుల్తానులు ఈ జాగీరును మహమ్మదు బేగుఖానున కొసగిరి. ఆయనకు మగసంతతి లేదు. మనుమడగు ఫైజ్ అలీఖానును పెంచుకొని వారసునిగా జేసెను. 1686లో ఔరంగజేబు బిజాపురమును జయింపగా, జాగీరు నిచ్చిన ప్రభుత్వమే పోయెను. అయినను మేనమామ యగు ముబారిజ్‌ఖానునకు మొగలుల కొలువులో పలుకుబడి యుండుటచే జాగీరు నిలిచినది. 1724 తరువాత నిజాము, పిమ్మట హైదరాలీ ప్రభువులైరి. 1783లో హుసేన్ అలీఖాను మరణింపగా బాలుడగు కుమారునకు పినతండ్రి సంరక్షకుడయ్యెను. ఏడాది తిరుగకముందే టిప్పు సుల్తాను వారిని వెడలగొట్టెను. వారు హైదరాబాదున తలదాచుకొని 1789లో తిరిగి వచ్చి ఊరిని గైకొనిరి.

దాదాపు ఆ కాలముననే స్కాట్లండు దేశమందు సదర్లండు ప్రభువు 1766లో మరణించెను. ఏడాది ప్రాయపు కూతురే మిగిలెను. మగజ్ఞాతులు తమకే బిరుదము చెందవలెనని వాదించిరి. 1771లో ప్రభువుల సభ కూతురిదే హక్కని తీర్పు చెప్పెను. అచ్చట పసిబిడ్డ హక్కును న్యాయస్థానము కాపాడినది; ఇచ్చట కత్తి తేల్చినది.

1800లో దత్తమండలములు కుంపిణీవారి వశమైన పిదప కత్తి యొరలో చేరి, కాగితము పైకి వచ్చినది. అప్పుల చిక్కులచే 1832 మొదలు 1848 వరకు పరిపాలన దొరలే జరిపిరి. మహమ్మదీయ ధర్మమునకు సమ్మతమైన వారసత్వమును మన్నింతుమని 1862లో సన్నదు నిచ్చిరి. వంశపారంపర్యముగ ‘నవాబు’ బిరుదము లభించినది 1876లోనే! స్వాతంత్ర్యము తరిగిన కొలది బిరుదము పెరిగినదన్నమాట. 1905లో మరల కొన్ని మాసములు అధికారము చేజారెను.

1948లో సంస్థానము మద్రాసు రాష్ట్రమున, కర్నూలు జిల్లాలో విలీనమయ్యెను. 1971లో రాజ్యాంగపు 26వ సవరణచే సంస్థానాధిపతుల గుర్తింపులన్నియు రద్దయ్యెను. 2017లో ప్రభుత్వము మరియొక హక్కును నమోదు చేసినది; అది బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు. గద్దెపై నెవరున్నను శిస్తు కట్టినవాడు రైతు. చెట్టు నాటి నీరు పోసినవాడును రైతే. బిరుదము నవాబులతో పోయినది. ఊరిపేరు రైతు చేతి పంటపై నిలిచినది.