ర్యాంకు రాకముందే లెక్క వేసుకోండి: పిల్లల బీటెక్ ఖర్చు

నర్సీపట్నం నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. ఊళ్లో కనిపించిన అమ్మానాన్నలు ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు: "బాబూ, పిల్లాడిని బీటెక్ చదివించాలి, డబ్బు ఎలా సర్దుకోవాలి?" ముందు మా ఇంటి లెక్క చెప్తాను, వినండి.

2014లో నేను ఎంసెట్ రాశాను. ర్యాంకు అనుకున్నంత రాలేదు. కన్వీనర్ కోటాలో సివిల్ వచ్చేలా ఉంది. నాకేమో కంప్యూటర్సే కావాలి. రెండ్రోజులు అన్నం మానేశాను. నాన్న ఒక కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు తీసుకున్నారు. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంలో పది వేలు ఇంటికి పంపాను. అమ్మ ఫోన్‌లో, "ఆరు వేలు వడ్డీకి పోతుంది, మిగతాది దాస్తానులే నాన్నా" అంది. "ఏ వడ్డీ అమ్మా?" అన్నాను. అప్పుడు తెలిసింది. నా సీటు కోసం నాన్న మూడు లక్షలు తెచ్చారు, రెండు రూపాయల వడ్డీకి.

రెండు రూపాయలంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. కానీ అది ఏడాదికి 24 శాతం అండి. మూడు లక్షలకి నెలకి 6,000. ఏడాదికి 72,000. నాలుగేళ్లకి 2,88,000. జీడితోట మీద వచ్చిందంతా వడ్డీకే పోయింది, అసలు మాత్రం కదల్లేదు.

అదే బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ అయితే? మామూలుగా నాలుగు లక్షల వరకు తాకట్టు అడగరు. ఫీజు ఏ ఏడాదికి ఆ ఏడాది కాలేజీకే కడతారు. కాబట్టి ఇచ్చినంత డబ్బుకే వడ్డీ పడుతుంది. 10 శాతం అనుకుందాం. ఏడాదికి 75,000 చొప్పున నాలుగేళ్లు తీసుకుంటే, చదువు అయ్యేసరికి బారువడ్డీ 75,000. కోర్సు అయిన ఏడాది తర్వాత కిస్తీలు మొదలవుతాయి. ఒక్క మాట, రసీదు ఇవ్వని డొనేషన్‌కి బ్యాంకు డబ్బు ఇవ్వదు. మేనేజ్‌మెంట్ సీటుకి అసలు లోన్ వస్తుందో లేదో డబ్బు కట్టకముందే బ్యాంకుకి వెళ్లి అడగండి.

ఇప్పుడు మీరు చేయాల్సినవి చెప్తాను.

మొదటిది, మొదటి ఏడాది ఫీజు చూసి నిర్ణయం తీసుకోకండి. నాలుగేళ్ల ఫీజు, హాస్టల్, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్, వైజాగ్ బస్సు ఛార్జీలతో సహా ఒక కాగితం మీద రాయండి.

రెండోది, మన రాష్ట్రంలో మామూలు ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీటుకే వర్తిస్తుంది. ఆదాయ, కుల ధ్రువపత్రాలు ముందే తీసి పెట్టుకోండి. వెబ్ ఆప్షన్లు నాలుగైదు పెట్టి ఊరుకోకండి, వీలైనన్ని పెట్టండి.

మూడోది, పదో తరగతి పిల్లలుంటే పాలిసెట్ గురించి ఆలోచించండి. మన నర్సీపట్నంలోనే గవర్నమెంట్ పాలిటెక్నిక్ ఉంది. మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంటర్‌కి కార్పొరేట్ కాలేజీల్లో పోసే డబ్బు మిగులుతుంది.

నాలుగోది, పిల్లలు ఇంకా చిన్నవాళ్లైతే ఇప్పుడే మొదలుపెట్టండి. పదేళ్ల లోపు ఆడపిల్లకి పోస్టాఫీసులో సుకన్య ఖాతా ఉంది. ఏడాదికి కనీసం 250 వేస్తే చాలు. పద్దెనిమిదేళ్లు నిండితే గానీ, పదో తరగతి పాసైతే గానీ పైచదువుకి సగం వరకు తీసుకోవచ్చు. మగపిల్లాడికి పీపీఎఫ్ తెరవండి.

చివరిది, అన్నింటికన్నా ముఖ్యమైనది. ఆ కాగితాన్ని పిల్లల ముందు పెట్టండి. మా నాన్నని తర్వాత అడిగాను, "నాకెందుకు చెప్పలేదు?" అని. "చెప్తే నీ చదువు మీద మనసు ఉండదురా" అన్నారు. ఆయన ప్రేమని నేను తప్పుపట్టను. చెప్పి ఉంటే సివిల్‌కి ఒప్పుకునేవాడినా? నిజాయితీగా చెప్పాలంటే, ఏమో తెలీదు. కానీ ఆ రెండ్రోజులు అన్నం మాత్రం మానేసేవాడిని కాదు. నాలుగేళ్లలో ఒక్క క్లాసు కూడా ఎగ్గొట్టేవాడిని కాదు.

పదిహేడేళ్ల పిల్లలకి లెక్కలు వస్తాయండి. మనింటి లెక్క కూడా అర్థమవుతుంది. ఒక్కసారి చూపించండి.

ఈ ఏడాది పిల్లలు ఇంటర్ రాస్తున్నవాళ్లు మీకు తెలిసి ఉంటే ఈ వీడియో వాళ్లకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.