బీడు శూన్యము కాదు

గ్రామ పెద్దలారా,

నేను బడిపంతులుగా నున్న కాలమున ఒకనాడు పిల్లలను ఊరివెలుపలి బీటికి తీసికొనిపోయి, “ఇచ్చట ఏమున్నది?” అని అడిగితిని. “ఏమియు లేదయ్యా, ఉత్త బీడు” అనిరి. నేనును ఆ మాటను దిద్దలేదు. ఆ లోపమును నేడు సవరించుకొనదలచితిని.

మన వైద్యశాస్త్రము నేలను జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు విధములుగా విభజించినది. నీరు కొరతగాను, చెట్లు పలుచగాను, ఎండగాలులు మిక్కుటముగాను ఉన్నది జాంగలము. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు మన అనంతపురపు మెట్ట ఇట్టిదే. కృష్ణసారమృగము సహజముగా సంచరించు భూమి యజ్ఞయోగ్యమని మనుస్మృతి చెప్పుచున్నది. ఆ మృగమే మన కృష్ణజింక. పూర్వులు ఈ నేలను హీనముగా చూడలేదు.

పశ్చిమాఫ్రికాయందును గడ్డి నడుమ అక్కడక్కడ చెట్లుగల ఇట్టి భూములు కలవు. సెనెగల్ దేశమందలి నియోకోలో-కోబా జాతీయవనమున గడ్డిని నమ్మి జింకలును, జింకలను నమ్మి సింహములును జీవించుచున్నవి. 1981లో అది ప్రపంచ వారసత్వ స్థలమైనది.

మరి మన బీటిలో ఏమున్నది? నారేపి కలదు, దాని నార మోకులకు, ఆకు పశువులకు. తంగేడు కలదు, మేక ముట్టదు గనుక కరవునందును నిలుచును, దాని చెక్క తోళ్లు ఊనుటకు పనికివచ్చును. బోదగడ్డి గుడిసెకు కప్పు. దాని వేళ్లు మన్నును పట్టి వాననీటిని భూమిలోనికి ఇంకించును. ఆ గడ్డిలో కౌజులు, కుందేళ్లు, ఉడుములు. వానికై గుంటనక్క, తోడేలు.

కలివిపొదలలో తిరుగు కలివికోడిని 1900లో అనంతపురము చేరువను చూచిరి. పిమ్మట ఎనుబదియారేండ్లు అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతమున మరల దొరకినది. నేటికిని అత్యంత దుర్లభము. బట్టమేకపిట్టకై కర్నూలు సీమలోని రోళ్లపాడున 1988లో అభయారణ్యము ఏర్పడినది. అది సాధారణముగా ఏటికి ఒక్క గ్రుడ్డే, అదియు ఉత్త నేలమీద, పెట్టును. చుట్టునున్న గడ్డినేలలు సాగులోనికి రాగా నేడచ్చట అది కనబడుట అరుదు.

జింకలు మా వేరుశనగ చేలమీద పడుచున్నవని మీరందురు. నిజమే, ఆ నష్టము స్వల్పము కాదు. పరిహారము కోరుట న్యాయము. కాని వాని మేతభూమిని మనము దున్నిన పిదప అవి ఎచ్చటికి పోవును?

కావున ఊరి బీటినిగూర్చి తీర్మానము చేయునపుడు కొంతభాగమును గడ్డికే విడువుడు. చెట్లు నాటుట పుణ్యమే. అయినను గడ్డినేలనంతయు చెట్లతో కప్పినచో బట్టమేకకు నిలువ నీడయుండును గాని బ్రదుకుండదు. ఎండుగడ్డికి నిప్పు పెట్టనీయకుడు. రేపు మీ మనుమడు “తాతా, ఈ బీటిలో ఏమున్నది?” అని అడిగినప్పుడు, వ్రేలితో చూపుటకు ఏదేని మిగిలియుండవలెను.

సెలవు.