కన్నాంబగారికి నా బాకీ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను గ్రామ పద్దులు వ్రాసికొనువాడను. గురువు లేక, నిఘంటువును ప్రక్కన నుంచుకొని కావ్యములు చదివితిని. అట్టివాడు ఈ సభలో సినిమా నటిని గూర్చి మాట్లాడుట యేమని మీకు తోచవచ్చును. ఆమెకు నేను బాకీపడితిని. అది నలుగురి యెదుట ఒప్పుకొనుటకే నిలిచితిని.

పసుపులేటి కన్నాంబగారు 1911లో జన్మించి, మన ఏలూరులో పెరిగి, నాటకరంగము నుండి చిత్రములకు వెళ్లిరి. తెలుగు చిత్రము మాటలు నేర్చిన తొలినాళ్లవి. 1935లో ‘హరిశ్చంద్ర’లో చంద్రమతి, 1936లో ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’లో ద్రౌపది ఆమెయే. ఆ యేడే అదే కథను మరియొకరు ‘ద్రౌపదీ మానసంరక్షణము’ అను పేర తీసిరి. అందు సురభి కమలాబాయిగారు ద్రౌపది, బళ్లారి రాఘవగారు దుర్యోధనుడు. అంతటివారితో పోటీపడియు కన్నాంబగారి చిత్రమే జనుల మెప్పు పొందినది. 1942లో తమిళమున కణ్ణగి పాత్ర ధరించి ఆ నాటివారి మన్ననయు గెలిచిరి.

1947లో వచ్చిన ‘పల్నాటి యుద్ధము’లో ఆమె నాగమ్మ. గూడవల్లి రామబ్రహ్మముగారు నడుమ గతింపగా, ఆ చిత్రమును పూర్తిచేసినవారు మన పొరుగున సోమవరప్పాడులో పుట్టిన ఎల్. వి. ప్రసాదుగారు. 1954 నాటి ‘మనోహర’లో ఆమెచే తల్లి పాత్ర ధరింపజేసినదియు వారే. భర్త కడారు నాగభూషణముగారితో కలిసి చిత్రములు నిర్మించిన ఆమె 1964లో కన్నుమూసిరి.

గౌరన హరిశ్చంద్ర ద్విపద, నన్నయ సభాపర్వము, శ్రీనాథుని పేర నున్న పల్నాటి వీరచరిత్ర: ఇవి చదువరుల సొత్తు. వాటిలోని స్త్రీల గోడును, తెగువను చదువురానివారి చెవికెక్కించినది ఆ కంఠము.

మా నాయనమ్మకు అక్షరము రాదు. ఈ గ్రంథాలయము తెరచిన యేట ఆమె నన్నడిగినది: “సభలో ద్రౌపది అంత గట్టిగా అడిగెను గదరా, పెద్దలేమి బదులు చెప్పిరి? పుస్తకములో చూచి చెప్పు.” సినిమా చూచి అడిగిన ప్రశ్నకు కావ్యమేల యని నేను నవ్వితిని. ఆమె మరల అడుగలేదు. ఆ మౌనము నన్ను బాధింపగా సభాపర్వము తీసికొనిపోయి చదివి వినిపించితిని. నా భారత పఠనమునకు అదియే ఆరంభము.

మన రిజిస్టరులో చందాదారుల పేర్లున్నవి; మా నాయనమ్మ పేరు లేదు. అట్టివారు మన యూర నేటికిని గలరు. కావున ప్రతి ఆదివారము సాయంకాలము ఒక గంట ఇచ్చట బిగ్గరగా చదివి వినిపింపవలెనని నా మనవి. చదువుటకు నేను సిద్ధము. కన్నాంబగారి కంఠము నాకు లేదు. కాని బాకీ కొంతయైన తీరును.