రేపటి పండుగకు ఈ రాత్రే నానాలి
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)



బంజారా సంస్కృతి అనగానే ఫేటియా, కాంచళి, అద్దాల కుట్టు, తీజ్ ఆటపాటలు గుర్తొస్తాయి. ఫొటోలలో కనిపించేవి అవే. నేను మాత్రం ఫొటోలో పడని పని గురించి మాట్లాడతాను. అది పండుగకు ముందురోజు ఇంట్లో జరిగే పని.

మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దూరదేశాలు తిరిగారు. దాన్నే లదేణి అంటాం. రేపటి తిండి ఈ రోజే చూసుకోని ఇల్లు ఆ బతుకులో నిలవదు. రైళ్లు, రోడ్లు వచ్చాక లదేణి ఆగింది, తండాలు ఒకచోట స్థిరపడ్డాయి. కానీ ఆ ముందుచూపు మన పండుగల్లో ఇంకా ఉంది.

సీత్లా పండుగనే చూడండి. ఆషాఢంలో తండా పెద్దలు నిర్ణయించిన మంగళవారం నాడు చేస్తాం. పిల్లలకు, పశువులకు రోగం రాకూడదని భవానీని మొక్కుతాం. నైవేద్యం గుగ్రి, లాప్సి. గుగ్రికి జొన్నలు, పప్పుగింజలు ముందురోజు రాత్రే నానబెట్టాలి. పొద్దున లేచి తొందరపడితే జొన్న ఉడకదు. అంటే మంగళవారం భక్తి సోమవారం సాయంత్రమే మొదలవుతుంది.

సేవాలాల్ మహరాజ్ జయంతి ఫిబ్రవరి 15న భోగ్ పెడతాం కదా. నిప్పుల మీద నెయ్యి, తీపి ప్రసాదం వేసి చేసే అర్దాస్‌ను ఈసారి శ్రద్ధగా వినండి. అందులో మన ఇంటి మేలు ఒక్కటే కోరుకోం. చీమ మొదలు సకల జీవులూ చల్లగా ఉండాలని కోరుకుంటాం. నోటితో అంత కోరినవాళ్లం గిన్నెలో నలుగురికే వండితే ఎట్లా?

మా యాడి గింజలు కొలిచేటప్పుడు ఇంటివాళ్లకు సరిపడా పోసి, ఆపైన ఇంకో రెండు దోసిళ్లు వేసేది. ఎవరికని అడిగితే "వచ్చేవాళ్లకు" అనేది. ఎవరొస్తారో ఆమెకూ తెలియదు. మిగిలిందని మాత్రం ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు మనలో చాలామంది హైదరాబాద్‌లో, పుణేలో, హాస్టళ్లలో ఉంటున్నాం. మంగళవారం పొద్దున స్వీట్ డబ్బాతో బస్సు దిగుతాం. సాయంత్రానికి తిరుగు బస్సు ఎక్కుతాం. నానబెట్టడం, ఏరడం, దంచడం, పొయ్యి ఊదడం అంతా తండాలో ఒంటరిగా ఉన్న ముసలి యాడి మీదే పడుతుంది. పండుగ అందరిదీ, నడుము నొప్పి ఆమె ఒక్కదానిదా? ఆమె చెయ్యి ఆగిన నాడు గుగ్రి ఎట్లా చేయాలో ఎవరిని అడుగుతాం?

అందుకే ఒక పని అడుగుతున్నాను. ఈ ఆషాఢంలో మంగళవారం కాదు, ఆదివారమే రండి. ఆదివారం గింజలు ఏరండి. గోధుమ రవ్వను నేతిలో దోరగా వేయించి, చల్లారాక తడి లేని డబ్బాలో పెట్టండి. మంగళవారం బెల్లం నీళ్లు మరిగిస్తే చాలు, లాప్సి తొందరగా అవుతుంది. సోమవారం సాయంత్రం జొన్నలు వేరుగా, అలసందలు, శనగలు వేరుగా నానబెట్టండి. తెల్లవారుజామున జొన్నలు ముందు పొయ్యి మీద పెట్టండి, అవి మెత్తబడ్డాకే మిగతావి కలపండి, ఉప్పు వేయండి. ఇది ఎట్లా చేయాలో యాడి పక్కన కూర్చుని చూడండి. ఆమె గోర్ బోలిలో చెప్పే మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

ఇది ఆడపిల్లలకు మాత్రమే చెప్పడం లేదు. మేకను కోసి వాటాలు వేసేది మగవాళ్లే కదా. జొన్నలు ఏరడానికి మాత్రం చేతులు ఎందుకు రావు తమ్ముళ్లూ?

వండాక మొదట భవానీకి పెట్టండి. ఇంటివాళ్లు కూర్చునే ముందు ఒక గిన్నె తీసి పక్కన పెట్టండి. వండుకోలేని ముసలివాళ్లకో, మంచాన పడ్డవాళ్లకో, సెలవు దొరకక హాస్టల్‌లో ఉండిపోయిన పిల్లలకో అది చేర్చండి. మిగిలితే ఇద్దామని అనుకోకండి. కొలిచేటప్పుడే వాళ్లనూ లెక్కలో వేసుకోండి.

రెండు దోసిళ్లు ఎక్కువ పోయండి. అంతే నేను అడిగేది.

జై సేవాలాల్. జై బంజారా.