బొద్దు పిల్లలు – మన ఇంటి అలవాట్లు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డాక్టరు కనుక జబ్బుల పేర్లు చదువుతాడని మీరనుకోవచ్చు. నేను మాత్రం మన వంటింటి గురించీ, వాకిలి గురించీ చెప్పదలిచాను.

మన ఇళ్ళలో మనవడు బొద్దుగా ఉంటే దాదీకి సంతోషం. సన్నగా ఉంటే కోడలికి నింద. లేమి చూసిన పెద్దల భయం అది, తప్పు పట్టను. కాని రోజులు మారాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో నూటికి 2.1, 2019-21లో 3.4. చిత్రమేమిటంటే, వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు ఆ రెండో సర్వేలోనే నూటికి 35కు పైగా ఉన్నారు. తిండి చాలని బిడ్డ, తిండి ఎక్కువైన బిడ్డ ఒకే సందులో ఉంటున్నారన్నమాట.

"పెద్దయితే అదే తగ్గుతుందిలెండి" అంటారు. కొందరికి తగ్గుతుంది, చాలామందికి తగ్గదు. చక్కెర జబ్బు, రక్తపోటు ముందుగానే తలుపు తడతాయి. మన భారతీయులకు పొట్ట దగ్గర కొవ్వు త్వరగా చేరుతుంది. అయిదేళ్ళు దాటిన బిడ్డ ఎత్తుకు సరిపడా దారం తెంపి, సగానికి మడిచి నడుము చుట్టూ పెట్టి చూడండి. కొసలు కలవకపోతే డాక్టరుకు చూపించండి.

అందరూ దావత్ బిర్యానీని తిడతారు. పాపం, దావత్ రోజూ ఉండదు కదా! రోజూ ఉండేది పొద్దున తీపి చాయ్‌లో బిస్కట్లు, బడి నుంచి రాగానే చిప్స్ పొట్లం, చుట్టం వస్తే కూల్‌డ్రింకు. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఆరు చెంచాలు. చాయ్‌లో ఆరు చెంచాలు వేసి ఏ తల్లయినా ఇస్తుందా? పైగా సెల్‌ఫోన్ చూపిస్తేగాని ముద్ద దిగదు. అలా తినే బిడ్డకు కడుపు నిండిన సంగతే తెలియదు. కడుపులో కొంత ఖాళీ ఉంచమన్న హదీసు మనకు తెలియనిది కాదు. రంజాన్‌లో రోజా లేని పసివాళ్ళు కూడా సహరీ దాకా మేలుకొని తింటూనే ఉంటారు. బడికి వెళ్ళే పిల్లలకు 9 నుంచి 11 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలకపోయినా బరువు పెరుగుతుంది.

అలాగని బిడ్డను పస్తు పెట్టకండి, "మోటూ" అని పిలవకండి. మార్చేదేదో ఇంటిల్లిపాదికీ మార్చండి.

ఇక ఆడపిల్లల సంగతి. పిల్లలకు రోజుకు గంటసేపు ఒళ్ళు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మగపిల్లలు సందులో క్రికెట్టయినా ఆడతారు. మా అమ్మాయికి పదేళ్ళు రాగానే సైకిలు ఆపించినవాణ్ణి నేనే. నలుగురూ ఏమంటారోనని. రెండేళ్ళలో ఆ పిల్ల మెట్లెక్కితే ఆయాసపడింది. ఊరికి నీతులు చెప్పే డాక్టరు ఇంట్లో జరిగింది ఇది.

అందుకే కార్యవర్గానికి ఒక మనవి. మన షాదీఖానా ఆవరణకు చుట్టూ గోడ ఉంది, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో తాళం ఉంటుంది. అసర్ నుంచి మగ్రిబ్ దాకా దాన్ని ఆడపిల్లల ఆటకు ఇవ్వండి. తల్లులు వంతులవారీగా కూర్చుంటారు. తాళంచెవి కార్యదర్శిగారి దగ్గరే ఉందని విన్నాను. స్కిప్పింగ్ తాళ్ళు, బంతులు నేను కొనిస్తాను.

సెలవు. ఖుదా హాఫిజ్.