కొలతకును తూనికకును గల భేదము
(సిద్దిపేట ప్రాంతపు రైతులకు చేసిన ఉపన్యాసము)



సోల, తవ్వ, మానిక, కుంచము, తూము అనునవి కొలపాత్రలు. వీనిచే ధాన్యము ఆక్రమించు చోటు తెలియునే గాని బరువు తెలియదు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అను లెక్క ఎల్లరకును కంఠస్థమే. అయినను సిద్దిపేట ప్రాంతమున పండు వడ్లను, మక్కలను చెరియొక కుంచెడు తెచ్చి తక్కెడలో నుంచినచో అవి సమముగ తూగవు. వడ్లపై పొట్టుండుటచే గింజకు గింజకు నడుమ సందు మిక్కుటము. లీటరు పాత్రలో వడ్లు సుమారు 580 గ్రాములు, మక్కలు సుమారు 720 గ్రాములు పట్టును. నీరైనచో 1 కిలోగ్రాము.

పూర్వము వడ్లు కొలిచి అప్పు తెచ్చినవాడు వడ్లే కొలిచి తీర్చెడివాడు గాన ఈ భేదము అంతగ బాధింపలేదు. 1956లో తూనికలు కొలతల ప్రమాణముల చట్టము వచ్చిన పిమ్మట కిలోగ్రాము, క్వింటాలు క్రమముగ వాడుకలోనికి వచ్చెను. నేడు ధర క్వింటాలుకు. ఇంటిలోని గాదె మాత్రము కొలతకే లోబడియున్నది. కుప్పను చూచి కంటి అంచనాతో బేరము ముగించు రైతు నష్టపడునది ఇచ్చటనే.

ఉపాయము కష్టమైనది కాదు. 10 లీటర్లు పట్టు బకెట్టును మొదట ఖాళీగ తూచవలెను. పిదప ఆరిన ధాన్యమును మెల్లగ పోసి, అదరగొట్టక, నొక్కక, అంచు మట్టమునకు కర్రతో రాచి మరల తూచవలెను. బకెట్టు బరువు తీసివేయగ 5 కిలోల 800 గ్రాములు మిగిలినచో లీటరుకు 580 గ్రాములు. ఇదియే ఆ ధాన్యపు సాంద్రత. పోయు చేతిని బట్టియు అంకె మారును గాన మూడు మారులు తూచి సగటు తీసికొనుట మేలు.

ఇక గాదె సంగతి. లోపల 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, ధాన్యపు ఎత్తు 4 అడుగులు అనుకొన్నచో 120 ఘనపుటడుగులు. ఘనపుటడుగునకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 3,400 లీటర్లు. దానిని 0.58చే హెచ్చింపగ 1,972 కిలోలు, అనగా 19.7 క్వింటాళ్లు. లీటరే కిలో యని భ్రమించువాడు 34 క్వింటాళ్లకు లారీ పిలిపించి చిన్నబోవును. అదే గాదెలో మక్కలైనచో 24 క్వింటాళ్లకు పైబడును. అడుగు ధాన్యము పైబరువునకు అణగును గాన నిజపు తూకము లెక్కకంటె కొంచెము హెచ్చుగ నుండవచ్చును. మిక్కిలి తక్కువ వచ్చినచో మాత్రము తక్కెడను పరీక్షింపక సంతకము చేయరాదు.

పచ్చి వడ్లతో తీసిన అంకె ఆరిన వడ్లకు పనికిరాదు. ప్రభుత్వ కొనుగోలులో వడ్ల తేమ నూటికి 17 పాళ్లు మించరాదు. 20 పాళ్ల తేమగల 100 కిలోలు 17 పాళ్లకు ఆరునప్పటికి 96 కిలోల 400 గ్రాములగును. తరిగినది నీరే గాని ఎవరును అపహరించినది కాదు.

కొత్త గాదె కట్టించువారు ఈ లెక్కనే వెనుకకు నడుపవలెను. 40 క్వింటాళ్ల వడ్లకు 4,000 కిలోలను 0.58చే భాగింపగ సుమారు 6,900 లీటర్లు, అనగా 244 ఘనపుటడుగుల చోటు కావలెను.